ఒకే అచ్చు కుర్చీలు

ప్రియమైన బావకు,

నా పుస్తకం కోసం సర్వే చేసిన ఆ వీధికి పదేళ్లయ్యాక ఇద్దరం మళ్లీ వెళ్దామని మాట ఇచ్చి, తీరా రైలెక్కే రోజున ముఖం చాటేశావు. అప్పట్లో ఇంటింటికీ తిరిగి నేను ప్రశ్నలు అడిగితే, నువ్వు నోరు మూసుకుని వాళ్ల సామాన్లు చూసేవాడివి. ఒకరి పని ఇంకొకరికి చేతకాదు. అందుకే నేనూ ఆగిపోయాను. నువ్వేమో ప్రొఫెసరువై ఊరేగావు.

ఇప్పుడు నా పుస్తకం మళ్లీ అచ్చుకు వెళ్తోంది. ప్రపంచీకరణ వచ్చాక అన్ని ఇళ్లూ ఒకే ఇల్లవుతాయని రాశాను కదా. అది నిజమో కాదో కళ్లతో చూడకుండా ఈసారి అచ్చుకు ఒప్పుకోను. సోమవారం బయల్దేరుతున్నాను. వస్తే రా, లేకపోతే నీ ఖర్మ.

ఇంకా కోపంగానే,
నీ బావమరిది

ప్రియమైన బావమరిదికి,

నీ ఉత్తరం మీ అక్క పైకి చదివి, "వీడి నోటికి మాత్రం ముసలితనం రాలేదు" అని నవ్వింది. నా మోకాళ్లకి వచ్చింది, రాలేను.

ఇక దాచను. ఆ రోజు నన్ను ఆపింది మన గురువుగారు. గదిలోకి పిలిచి తలుపు వేశారు. "వాడి పుస్తకానికి ముందుమాట నాది. మన శాఖకు పేరొచ్చిందే దానివల్ల. మళ్లీ వెళ్లి చూస్తే అది తప్పని తేలొచ్చు. నువ్వు కదలకపోతే వాడూ కదలడు" అన్నారు. నాకు ప్రమోషన్ ఇవ్వాల్సింది ఆయనే. స్టేషనుకు రాకుండా ఇంట్లోనే కూర్చున్నాను.

తిట్టుకో. కానీ వెళ్లు.

సిగ్గుతో,
నీ బావ

ప్రియమైన బావకు,

వెళ్లాను. మొదట నేనే గెలిచాననుకున్నాను. ప్రతి ఇంట్లోనూ అదే తెల్ల ప్లాస్టిక్ కుర్చీ, ఒకే అచ్చులో పోసింది. తర్వాత ప్రశ్నలు మానేసి, నీలాగా చూడటం మొదలుపెట్టాను.

దర్జీ తన పొట్టి బల్లకు సరిపోయేలా కుర్చీ కాళ్లు కోసేశాడు. ఎలక్ట్రీషియన్ తిరగేసి నాలుగు కాళ్లకూ వైరు చుట్టుకున్నాడు. రిటైరైన నర్సు ఇంట్లో కిటికీ దగ్గరున్న కుర్చీలో కూర్చోబోయాను. "అందులో వద్దండీ, అది మావారిది" అంది. ఆయన పోయి ఏళ్లయింది. రోజూ తుడిచి, ఎండ మళ్లినప్పుడల్లా నీడకు జరుపుతుందట.

బావా, సరుకు జనాన్ని మింగేస్తుందని జీవితమంతా పాఠం చెప్పాను. ఇక్కడ ఒక్కొక్కరూ సరుకును తమలో కలిపేసుకున్నారు. ఇంత పెద్ద సంగతి ఇంత చిన్న గదుల్లో జరుగుతోంటే, నేను లైబ్రరీలో కూర్చున్నాను. ఇళ్లన్నీ ఒకటవుతాయన్న అధ్యాయం ఆపేయమని ప్రచురణకర్తకు చెప్పాను. ఎనభయ్యో పడిలో మళ్లీ మొదటినుంచి రాస్తున్నాను.

నువ్వు పిరికివాడివి, అంతే. నిన్ను వదిలేశాను. కానీ అక్కడికి వెళ్తే నాకేం కనిపిస్తుందో ముందే ఊహించి, నన్ను చూడనివ్వని మనిషి ఒకరున్నారు. ఆయన కాటికి పోయినా సరే, నేను తప్పుపట్టేది ఆయన్నే, మన గురువుగారినే.

నీ బావమరిది