మిషను మీద నీ బావమరిది

బావా,

నువ్వు పోయిన ఏడాదికి మన మార్చురీకి శవాలెత్తే మిషను వచ్చింది. మీట నొక్కితే చాలు, ఎంత బరువైనా లేపుతుంది.

వాడకం నేర్పడానికి ఎవరైనా శవంలా పడుకోవాలన్నారు. ఇంకెవరు, నేనే దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను. గాల్లోకి లేవగానే కేక పెట్టి అందరినీ జడిపించాలని నా ప్లాను.

"ఇన్నాళ్లూ చేతుల్తోనే ఎత్తేవారా?" కొత్త డాక్టరమ్మ అడిగింది.

"జిమ్ము ఖర్చు మిగిలింది కదా మేడమ్!" అన్నాను ముసుగులోంచి. అందరూ పగలబడి నవ్వారు.

"మావయ్యా, హిలో మత్, కదలకు. బెల్టు కట్టాలి."

మీ అమ్మాయి సునీత గొంతు! నేర్చుకోడానికొచ్చిన నర్సుల్లో అదీ ఉందని నాకు తెలీదు. శవాలెత్తీ ఎత్తీ నడుము పడిపోయి నువ్వు మంచం పట్టాక, నిన్ను అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టింది అదే కదా. నా నడుము కింద బెల్టు సర్ది, "నొప్పిగా ఉందా?" అని మెల్లగా అడిగింది.

నా జిమ్ము జోకు అదీ విన్నదని సిగ్గేసింది బావా. మిషను నన్ను ఎత్తింది, దించింది. కేక పెట్టలేదు, కదల్లేదు.

"అరే భయ్యా, బిల్కుల్ శవమే!" అంటూ చప్పట్లు కొట్టారు.

ముసుగు జారి నా తడి మొహం బయటపడబోతే, సునీతే మళ్లీ పైకి లాగి కప్పింది.