యాడికి బడిలో ఏరు

యాడికి,
4-2-1959.

అన్న జమాల్ సాబ్‌కు ఖాతూన్‌బీ సలాములు. ఇక్కడ అన్నీ క్షేమం, నీళ్లు తప్ప.

పోయిన ఏడు ఇన్‌స్పెక్టరు దొర మా బడికి వచ్చి "నది అంటే ఏమిటి?" అని అడిగితే పిల్లలంతా వంకలోని ఇసుకను చూపించారు. మార్చి పదిన మళ్లీ వస్తాడట. ఈసారీ ఇంతే అయితే బడి మూసేయమని రాస్తానన్నాడు. నేను మూయనివ్వను. అందుకే ఏటిగట్టున ఒక ఊరు కడుతున్నాను. పన్నెండిళ్లు, సంత, పడవల రేవు, వంతెన. వంతెన మూడుసార్లు కూలింది. ఇటుకలు చాలడం లేదు. మేస్త్రివి కదా, ఉపాయం చెప్పు.

నీ చెల్లెలు,
ఖాతూన్‌బీ.

తా.క.: ఇటుకలంటే బొమ్మ ఇటుకలన్నా, బొటనవేలంత కొయ్యముక్కలు. బట్టలకొట్టు కన్యకమ్మ మనవళ్లు ఆడి వదిలేసినవి. ఏరు అంటే బడి వాకిట్లో నేను తవ్విన జానెడు కాలువ. రోజూ రెండు చెంబులు పోస్తాను.

హిందూపురం,
13-2-1959.

చెల్లెలు ఖాతూన్‌బీకి అన్న దువా. నా కింద పనిచేసే చెన్నప్ప నీ జాబు చదివి పెట్టినాడు. నేను చెప్తాంటే ఇది రాస్తాండాడు.

ఏమ్మా, నీకు మతి ఉండాదా? వంకలో పన్నెండిండ్లా! ఎవుర్నడిగి కడతాండావు? ఇసుక మీద గోడ నిలస్తాదా? వంతెన కూలినప్పుడు కింద మనుషులుంటే జైలుకు పోతావు. పని నిలిపేయ్.

నీ మంచి కోరే అన్న,
జమాల్.

తా.క.: నీ జాబులకు బంక మస్తుగా పూస్తాండావు. తాపీతో కోస్తే చివర ముక్క చినిగిపోతాండాది. ఫర్వాలేదులే, ఆడ సలాములే గదా ఉండేది.

యాడికి,
19-2-1959.

అన్నకు సలాములు.

చెల్లెలి పనిని మెచ్చుకోకపోతే పోనీ, జైలంటావా? నేను నిలపను. వంతెన కూలినప్పుడు కింద ఉన్నది మునసబు దాసప్ప ఒక్కడే. దులిపి మళ్లీ రేవులో నిలబెట్టాను. మొన్న మేక ఒకటి వచ్చి ఏరంతా తాగేసి, పోతూ పోతూ నాలుగిళ్లు కూల్చింది. మళ్లీ కడుతున్నాను. మారెక్క అనే పిల్ల ఏటికి ఎగువ ఇల్లే కావాలని పట్టుబట్టింది, నీళ్లు ముందు తనకే అందుతాయట. ఇంకో ముప్పై ఇటుకలు కావాలి. పంపితే పంపు.

నీ మొండి చెల్లెలు,
ఖాతూన్‌బీ.

తా.క.: దాసప్ప అంటే మునసబు కాదన్నా, పిల్లలు చేసిన మట్టిబొమ్మ. మీసాలు మాత్రం ఆయనవే.

హిందూపురం,
27-2-1959.

చెల్లెలికి దువా.

మునసబు మీద వంతెన పడిందా! ఆయన్ను దులిపి నిలబెట్టినావా! మేక ఏరు తాగిందా! ఇది చదువుతా చెన్నప్ప కండ్లు తుడుచుకున్నాడు. "అక్కకు ఎండదెబ్బ తగిలింది సాబ్" అన్నాడు. పిచ్చిదానివైనా నా చెల్లెలివి. ముప్పై ఇటుకలకు ఏమైతాది? వెయ్యి పంపిస్తాండా, లారీలో. బుద్ధిగా గట్టి నేల మీద కట్టు.

అన్న,
జమాల్.

తా.క.: తలకు ఆముదం పెట్టుకో.

యాడికి,
11-3-1959.

అన్నకు వెయ్యి సలాములు, ఇటుకకు ఒకటి చొప్పున.

నీ జాబులు మళ్లీ చదివాక సంగతి అర్థమైంది, నా తా.క.లన్నీ నీ తాపీకే పోయాయని. ఈసారి బంక పూయలేదు, చివరిదాకా చదివించుకో. నేను కట్టింది కొయ్యముక్కల బొమ్మ ఊరు. నా మతి బాగానే ఉంది.

నిన్న లారీ ఇటుకలు దింపుతుండగానే ఇన్‌స్పెక్టరు దొర దిగాడు. నేరుగా మారెక్కనే అడిగాడు, నది అంటే ఏమిటని. "మా అయ్యోరమ్మ పొద్దున్నే పోస్తాది సార్, మధ్యాన్నానికి అయిపోతాది" అంది. ఆయన మా ఊరి పక్కన గొంతుక్కూర్చుని, వంతెనను వేలితో మెల్లగా నొక్కి చూశాడు. నిలబడింది. తర్వాత లేచి, నీ ఇటుకల గుట్టను చూసి "ఇవెందుకు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు అసలు దాసప్ప మీసం దువ్వుతూ ముందుకొచ్చి, "బడికి ఇంగో గది కడతాండాం దొరా" అనేశాడు!

"గ్రామస్థులు కొత్త గది కడుతున్నారు. బడి కొనసాగవచ్చు" అని పుస్తకంలో రాసిపోయాడు. నెల రోజులు నేను పారించిన నది గురించి ఒక్క ముక్క లేదు.

ఇక గది కట్టక తప్పదు. తాపీ తీసుకుని వెంటనే బయల్దేరు.

నీ చెల్లెలు,
ఖాతూన్‌బీ.

తా.క.: కొత్త గదికి అరుగు మూడడుగుల ఎత్తు ఉండాలని పిల్లలు పట్టుబడుతున్నారు. ఏరు పొంగితే పలకలు తడుస్తాయట. మన సీమలో ఈ భయం పుట్టిన మొదటి పిల్లలు వీళ్లే అయి ఉంటారు. నవ్వకుండా ఎత్తుగానే కట్టు.