మోరిస్ తలుపుకి రెండో పూత

మాతర,
ఆదివారం.

బావగారికి,

మీ మోరిస్ మైనర్ కారుకి నేనే రంగు వేశాను. నాకిది మొదటిసారని చూస్తేనే తెలుస్తుంది. రంగు ధారలు కట్టి, ఎడమ తలుపు ఏడ్చిన మొహంలా ఉంది.

తప్పు మీదే. పాత పచ్చరంగుని ఉప్పుకాగితంతో గీకుతుంటే, అడుగున ఎర్రటి అక్షరాల్లో ‘మల్కాంతి’ అని బయటపడింది. మా అక్క పేరు అది కాదు కదా. అంతలో అక్క టీ పట్టుకుని వస్తోంది. మీ కాపురం నిలబెడదామని, ప్రైమరైనా పూయకుండా సగం డబ్బా రంగు దాని మీద కుమ్మరించాను.

అక్క తలుపుకేసి చూసి, “పెళ్ళైన కొత్తలో ఆ పచ్చరంగు వేసింది నేనేరా. ఈసారైనా మల్కాంతి పూర్తిగా మునిగిందా?” అంది.

అప్పట్నుంచీ నవ్వుతూనే ఉంది. నాకు భయమంతా ఆ నవ్వు చూసే. శుక్రవారం కొలంబో నుంచి కాస్త ఆలోచించుకుని రండి.

మీ బావమరిది