శుభలేఖ మీద పడ్డ కాగితం

30-4-2009, గురువారం

నలభై ఏడేళ్ళొచ్చాయి. చెయ్యని పనికి తిట్లు తినడం ఇదే మొదటిసారి. చేసినవాటికి తిన్నాను, అది న్యాయం.

రాజోలు నుంచి పెళ్ళివాళ్ళు మా కార్డుల షాపుకి వచ్చారు. మొదటి శుభలేఖకి నాలుగు మూలలా పసుపు రాయడానికి పెళ్ళికూతురు సత్యశ్రీ వేలు ముంచింది. అప్పుడే ప్రింటరు దానంతటదే గుర్రుమంది. కార్డు మీద ఒక కాగితం పడింది. పదకొండో రోజు కర్మకి కావలసిన సామాను. నల్ల నువ్వులు, దర్భలు, కొత్త కుండ.

పెళ్ళికొడుకు నాయనమ్మ మహాలక్ష్మమ్మ గారు లేచి నిలబడ్డారు. అపశకునమట. ఈ సంబంధం ఉంచుకునేదీ లేనిదీ సోమవారం వచ్చి చెబుతారట.

మిగతా అందరూ కాగితాన్ని వదిలేసి నావైపు చూశారు. ఓనరు వరప్రసాదం గారు నన్ను కంప్యూటరు ముందునుంచి లేపేశారు. నేను కాదు మొర్రో అంటే, కిందటేడు ఆయన్నే పెళ్ళికొడుకుని చేసి శుభలేఖ కొట్టి అమలాపురం బజారంతా పంచింది ఎవరని అడిగారు. అది వేరు. ఆ డిజైను ఎంత బాగా కుదిరిందో ఒక్కడూ చెప్పడు.

1-5, శుక్రవారం

షాపులో టీలు మూడే చెప్పారు. ఉన్నది నలుగురం.

2-5, శనివారం, ఉదయం 11

ఓనరు బ్యాంకుకి వెళ్ళారు. నేను టెన్త్ తప్పినవాణ్ణే, కానీ కంప్యూటరు మ్యాగజీన్ చూసి బ్యాచ్ ఫైలు రాయగలను. మా వైర్‌లెస్‌లో ఇంకెవరు దూరారో తెలియడానికి ఒకటి నుంచి 254 దాకా ప్రతి నంబరునీ పింగ్ చేస్తుంది, మేష్టారు హాజరు పిలిచినట్టు. పలికినవాడి పేరు అడుగుతుంది.

మొదటిసారి అసలు నడవలేదు. ఫైల్లో పర్సెంట్ గుర్తు రెండేసి కొట్టాలట. మ్యాగజీన్‌లో ఒక్కటే వేసి చచ్చాడు.

రెండోసారి నాలుగు పలికాయి. రూటరు, ప్రింటరు, మా కంప్యూటరు. నాలుగోది బుచ్చిశాస్త్రి-పీసీ.

మేడమీద అద్దెకుండే బుచ్చిశాస్త్రి గారు. కర్మలు చేయించే ఆయన. వైర్‌లెస్‌కి పాస్‌వర్డు పెడదామంటే గుర్తుండదు వద్దన్నది ఎవరు? ఈ ఓనరే.

సాయంత్రం 5

మేడెక్కాను. కొత్త ల్యాప్‌టాప్ అట, శాస్త్రిగారు మురిపెంగా చూపించారు. కానీ గురువారం సామాను లిస్టు నొక్కితే పక్కనున్న ప్రింటరు ఉలకలేదు, పలకలేదు. చివరికి చేత్తోనే రాసుకున్నారట. నొక్కింది మా ప్రింటరు పేరు మీద. నేను సరిచేసి, ఏమీ చెప్పకుండా దిగిపోయాను. సోమవారం అందరి ముందూ చెబుతాను. అప్పుడు చూడాలి ఓనరు ముఖం.

4-5, సోమవారం

బ్యాచ్ ఫైలు ఇచ్చిన పేర్ల లిస్టు ప్రింటు తీసి నిలబడ్డాను. ఇందులో మనిషి తప్పేమీ లేదని, ఇంకో మెషిన్లోంచి గాల్లో వచ్చి పడిందని వివరించాను.

మహాలక్ష్మమ్మ గారు కళ్ళు మూసుకున్నారు.

"విన్నారా అండీ. మనిషి పని కాదంట. గాల్లోంచే వచ్చిందంట. ఇంకేం కావాలి?"

ఆ మెషిను ఎవరిదో ఇంకా చెప్పనే లేదు. చెబితే పెళ్ళి అక్కడితో సరి. సత్యశ్రీ ఆ పసుపు పూయని కార్డుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తల ఎత్తడం లేదు.

మూడు రోజుల కష్టం, నా జన్మలో మొదటి రుజువు. మడిచి జేబులో పెట్టుకున్నాను.

"అదంతా కోతండీ. సరదాకి నేనే కొట్టేను."

పెద్దావిడ ఎంత తిట్టారని! నా ముత్తాత దాకా వెళ్ళారు. మధ్యలో మంచినీళ్ళడిగి తాగి మళ్ళీ తిట్టారు. అలిసిపోయాక, వెధవ వేళాకోళానికి పెళ్ళి ఆపుకుంటామా, కొత్త కార్డు తెమ్మన్నారు. పిల్ల వేలు మళ్ళీ పసుపులో ముంచింది.

తనకి ముందే తెలుసన్నారు ఓనరు. ఏం తెలుసు ఈయనకి?

8-5, శుక్రవారం

బుచ్చిశాస్త్రి గారు మెట్లు దిగి మరీ వచ్చారు. కర్మ సామానుతో పరాచికాలేమిటి, ఈ వయసులో నాకిదేం బుద్ధని అరగంట చెప్పారు.

ఆయ్, అన్నాను.