గంటకు ముప్పై, వెనకాల నలభై ఒకటి

గ్రాన్‌హోల్మ్,
జూన్ 9

పూజ్యురాలైన గున్‌బోర్గ్ అత్తయ్యకు,

మేనల్లుడు స్వాంటె నడుము వంచి, తల దించి, వీలైనంత దూరంలో నిలబడి రాసుకొనే క్షమాపణ పత్రం.

ఈ ఉత్తరంలో రాబోయే ప్రతి వాక్యానికీ, అవి చదివి మీరు కూలబడబోయే కుర్చీకీ, ఆ కుర్చీ కింద పడుకున్న మీ పిల్లికీ నా క్షమాపణలు. ఉమెయో విశ్వవిద్యాలయంలో మూడేళ్ళుగా తత్త్వశాస్త్రం చదువుతూ ఎవరికీ ఏ పనికీ రానందుకు విడిగా ఇంకొకటి. నేరమేమిటో చెప్పకముందే క్షమాపణ అడగడం మాకు రెండో సంవత్సరం పాఠం.

విషయం ఇది. మన మాయ్‌కెన్ కారు కొంది.

అవును, పదిహేనేళ్ళ మాయ్‌కెనే. మీ తమ్ముడి కూతురే. నా చెల్లెలే.

కొన్నది సరస్సు అవతల హెల్గె దగ్గర. ఆయన కొట్టంలో పదహారేళ్ళుగా నిద్రపోతున్న పొడుగు డబ్బా కారది. వయసు ముప్పై ఏడు. డ్రైవరు సీట్లో కోడి పొదిగింది. ఇంజను మీద ఎలుకలు మూడు తరాలుగా కాపురం ఉంటున్నాయి. దానికి వెలగా మాయ్‌కెన్ తొమ్మిది రోజులు హెల్గె ఇంటికి చలికాలానికి కావలసిన కట్టెలన్నీ పేర్చింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకొని పేర్పు చుట్టూ మూడుసార్లు తిరిగి, "అంత అధ్వాన్నంగా ఏం లేదు" అన్నాడు. పెళ్ళినాడు కూడా తనను ఇంతగా పొగడలేదని ఆయన భార్య అలిగింది.

చట్టం గురించి కంగారు పడకండి. పదిహేనేళ్ళవాళ్ళు కారు నడపొచ్చు. ముఖ్య నియమం ఏమిటంటే, ఆ కారు గంటకు ముప్పై కిలోమీటర్లు దాటలేకుండా దాని పీక నొక్కేయాలి. వెనక "మెల్లగా పోవు వాహనం" అని ఎర్ర త్రికోణం తగిలించాలి. మీ గోథెన్‌బర్గ్‌లో కనిపించవు గాని, మా అడవి దారుల్లో పిల్లలంతా అలాగే తిరుగుతారు.

ఎందుకంటారా? పొద్దుటి బస్సు రద్దయింది. ఆగస్టు నుంచి తను చదవాల్సిన బడి లిక్‌సెలెలో, ముప్పై నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. కారు లేకపోతే మీ దగ్గరికి వచ్చి చదువుకోవాలి. మీరంటే దానికి ప్రాణం. కానీ ఊరంటే ఇంకాస్త ప్రాణం.

వినయంతో,
స్వాంటె

తా.క. పొదిగిన కోడి కారు కొనుగోలులో భాగం కాదని హెల్గె స్పష్టంగా చెప్పాడు. ఆ సంగతి కోడికి ఇంకా చెప్పలేదు.

*

గోథెన్‌బర్గ్,
జూన్ 17

చిరంజీవి స్వాంటెకు,

నీ ఉత్తరం అందింది. పిల్లి క్షేమం.

నాకు డెబ్భై ఒకటి నిండాయి గాని, మతి ఇంకా నిండుగానే ఉంది. కారును కనిపెట్టిందే వేగంగా పోవడానికి. మెల్లగా పోవడానికి కాళ్ళున్నాయి. వేగంగా పోకూడదని చట్టం చేసి, ఆ చట్టాన్ని పిల్లల చేతికిస్తారా? నన్ను ఆటపట్టిస్తున్నావనుకొని గ్రంథాలయానికి వెళ్ళి అడిగాను. అక్కడి కుర్రవాడు నిజమేనన్నాడు. వాడు కూడా నీలాగే నవ్వాడు కాబట్టి ఇంకా పూర్తిగా నమ్మలేదు.

నా భయం వేరు. జనవరిలో మైనస్ ముప్పై డిగ్రీల చలిలో, మనిషి కనపడని అడవి దారిలో, ఆ కోడిగూడు ఆగిపోతుంది. లోపల పదిహేనేళ్ళ పిల్ల. అంతే. ఇక నువ్వు ఎంత చమత్కారంగా రాసినా నాకు నవ్వు రాదు.

ఇక్కడ గది సిద్ధం చేశాను. బడిలో చోటు అడిగి ఉంచాను. ఆ పిల్లను తిన్నగా నా దగ్గరికి పంపండి.

ఆశీస్సులతో,
గున్‌బోర్గ్ అత్తయ్య

తా.క. నీ తత్త్వశాస్త్రం ఎప్పటికి పూర్తవుతుంది? ఊరికే అడుగుతున్నాను. గ్రంథాలయం కుర్రవాడూ అదే చదివాడట. ఇప్పుడు పుస్తకాలకు అట్టలు వేస్తున్నాడు.

*

గ్రాన్‌హోల్మ్,
జూలై 4

పరమ పూజ్యురాలైన అత్తయ్యకు,

మీ భయానికి క్షమాపణలు, మీరు సిద్ధం చేసిన గదికి క్షమాపణలు, అట్టలు వేసే మా తత్త్వవేత్త సోదరుడికి సానుభూతి.

ఇక్కడ పనులు జోరుగా సాగుతున్నాయి. మొన్న శనివారం మాయ్‌కెన్ కారును వెనక తలుపుల దగ్గర అడ్డంగా కోసేసింది. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టి, పదకొండింటికి దాల్చినచెక్క రొట్టెలు రెండు తిని, ఒంటిగంటకల్లా వెనక భాగాన్ని గడ్డిలోకి దొర్లించింది. అప్పుడు దాని ముఖం చూడాలి మీరు! చర్చిలోంచి అప్పుడే బయటికొచ్చిన పెళ్ళికూతురిలా ఉంది, మసి తప్ప.

ఊళ్ళో మగాళ్ళు ఆరుగురు రోజూ సాయంత్రం కొట్టం గుమ్మంలో చేరుతున్నారు. చేతుల్లో కప్పులు. ఎవరూ మాట్లాడరు. అప్పుడప్పుడూ ఒకరు నిట్టూరుస్తారు, మిగిలినవాళ్ళు అవునన్నట్టు చూస్తారు. గురువారం నాన్న మాత్రం "ఆ బోల్టు" అన్నారు. ఆ వారానికి ఆయన మాటలు అవే.

నేను సాయం చేయబోయాను. మాయ్‌కెన్ నా చేతిలోంచి స్పానర్ లాక్కుని, "అన్నయ్యా, నువ్వు అక్కడ కూర్చుని ఆలోచించు. నీకు అదే కదా పని" అంది. కూర్చుని ఆలోచించాను. ఏమీ తోచలేదు.

విధేయుడు,
స్వాంటె

తా.క. కోడికి సంగతి చెప్పాం. ఒప్పుకోలేదు. డ్రైవరు పక్కన ఉన్న ముందు సీటుకు మకాం మార్చింది.

*

గోథెన్‌బర్గ్,
జూలై 12

స్వాంటెకు,

కూర్చోబుద్ధి కాక నిలబడే రాస్తున్నాను. అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి.

తొమ్మిది రోజులు కష్టపడి సంపాదించుకున్న వస్తువును సగానికి కోసేసిందా? కోసి సంతోషించిందా? మా కింది అంతస్తులో ఒకావిడ నలభై ఏళ్ళు పిల్లల మనసులకు వైద్యం చేసిన మనిషి. నీ ఉత్తరం ఆవిడకు చదివి వినిపించాను. ఇష్టమైన వస్తువును తానే పాడుచేసుకునే పిల్ల లోలోపల ఏడుస్తున్నట్టేనట. దానికి తోడు ఆరుగురు మగాళ్ళు! నేనూ ఆ ఊరి పిల్లనేరా. ఆరుగురు మాట్లాడకుండా పట్టుకున్న కప్పుల్లో ఒట్టి కాఫీయే ఉంటుందని నాకు చెప్పకు. మీ నాన్న మాటలు లెక్కపెట్టే స్థితికి వచ్చాడంటే వాడూ కుంగిపోయాడన్నమాట.

ఇక ఉత్తరాలతో లాభం లేదు. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఊరి మొహం చూడలేదు గాని, ఇప్పుడు వస్తున్నాను. ఆగస్టు పన్నెండు మధ్యాహ్నం లిక్‌సెలెలో రైలు దిగుతాను. రెండు పెట్టెలుంటాయి. కోసేయగా మిగిలిన ఆ ముక్క నన్నూ నా పెట్టెల్నీ మీ గుమ్మం దాకా చేర్చాలి. దారిలో ఒక్కసారి ఆగిందా, మాయ్‌కెన్ నాతో బయల్దేరాల్సిందే. ఈ మాట దానికి చదివి వినిపించు. చమత్కారాలు కలపకు.

గున్‌బోర్గ్ అత్తయ్య

తా.క. పిల్లల మనసుల ఆవిడ నీ గురించి కూడా అడిగింది. తర్వాత మాట్లాడదామంది.

*

గ్రాన్‌హోల్మ్,
ఆగస్టు 3

పూజ్యురాలైన అత్తయ్యకు,

కోయడం నియమమేనండీ. వెనకసీట్లు తీసేసి, అక్కడ సామాను వేసే చెక్క తొట్టి బిగించాలి. అప్పుడే తనిఖీకి ఒప్పుకుంటారు. కప్పుల్లో కాఫీయే. నాన్న ఎప్పుడూ అంతే.

మీ ఉత్తరం కలపకుండా, తీయకుండా చదివి వినిపించాను. మాయ్‌కెన్ విని, "సరే" అంది. కొంతసేపటికి కారు కిందనుంచి గొంతు వినిపించింది: "గోథెన్‌బర్గ్‌లో నాకేం తెలుసన్నయ్యా? ఇక్కడైతే ఏ మలుపులో మంచు ముందు గడ్డకడుతుందో తెలుసు." ఆ తర్వాత రెండు వారాలు మేము దాని కాళ్ళే చూశాం.

ఇరవై తొమ్మిదో తేదీ ఇంజను తిరిగింది. దగ్గింది, ఉమ్మింది, ఎలుకల సంసారమంతా పొగగొట్టంలోంచి ఎగిరిపడింది, ఆపైన గురక పెట్టింది. హెల్గె టోపీ తీశాడు. ఆయన బట్టతలను ఊరు చూడటం అదే మొదటిసారి.

నిన్న తనిఖీ. అధికారి నలభై నిమిషాలు బండి కింద పడుకొని బయటికొచ్చి, "నాకేమీ దొరకలేదు" అన్నాడు, పుట్టగొడుగులకు వెళ్ళి ఖాళీ బుట్టతో తిరిగొచ్చినవాడిలా. దయచేసి రండి.

విధేయుడు,
స్వాంటె

తా.క. ముందు సీటు మీకోసం ఖాళీ చేయించాం. కోడి కాపురం హెల్గె ఇంటికి మారింది. చాలా గొడవ జరిగింది, ఆ వివరాలు మీకెందుకు.

*

గోథెన్‌బర్గ్,
ఆగస్టు 22

చిరంజీవి స్వాంటెకు,

క్షేమంగా చేరాను. నాలుగు రోజులు మీ ఇంట్లో ఉండీ నోరు విప్పనిది, ఇప్పుడు కాగితం మీద చెబుతాను. మనవాళ్ళకు ఎదురుగా చెప్పడం చేతకాదు గదా.

స్టేషను దగ్గర నువ్వు పెట్టెలు తొట్టిలో వేసి తాళ్ళు కట్టావు. మీ నాన్న కారులో మా వెనకే వస్తానన్నావు. బయల్దేరాం. ముప్పై అంటే ముప్పయ్యే. రోడ్డు పక్క పువ్వుల పేర్లు చెప్పుకుంటూ పోవచ్చు. ఐదో కిలోమీటరులో అద్దంలోకి చూస్తే నీ వెనక పది బండ్లు. పదిహేనో కిలోమీటరు దగ్గర ఒక మలుపులో తిరిగి లెక్కపెట్టాను, నలభై ఒకటి! కలప లారీలు, విహారానికి వచ్చినవాళ్ళ బళ్ళు, గుర్రాన్ని తీసుకెళ్ళే బండి ఒకటి. ఒక్కరూ హారన్ కొట్టలేదు. దారి వెడల్పైన చోట మమ్మల్ని దాటి వెళ్ళేవాళ్ళంతా నావైపు చూసి చెయ్యి ఊపారు! లారీ డ్రైవరు ఒకాయన టోపీ తీశాడు. నా వయసు ఆవిడ ఒకతె గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

మన వైపు సంగతి నీకు తెలుసు. ఎదురింట్లో పెళ్ళయినా తల ఆడించరు. "వీళ్ళంతా ఎవరే?" అన్నాను.

"తెలియదత్తా" అంది మాయ్‌కెన్ భుజాలెగరేసి. "నాకైతే రోజూ తిట్లే."

అప్పటికి నాకు అర్థమైంది. వాళ్ళు నన్ను మరిచిపోలేదు. నేనూ చెయ్యి ఊపాను. కుడి చెయ్యి నొప్పెడితే ఎడమ చేత్తో.

ఇరవై మూడో కిలోమీటరు దగ్గర రెయిన్‌డీర్ల మంద రోడ్డు మీద. "ఆగింది" అన్నాను.

"కారు ఆగలేదత్తా. రెయిన్‌డీర్లు ఆగాయి."

నేను గొడుగు తీసుకొని దిగాను. ఒకటొకటిగా అదిలిస్తున్నాను. ఇంతలో వెనక గురక ఆగిపోయింది. అడవంతా నిశ్శబ్దం. తిరిగి చూశాను. పిల్ల ముఖం తెల్లగా పాలిపోయింది.

"ఇప్పుడు?" అన్నాను.

"ఇప్పుడు కారు ఆగింది" అంది. అబద్ధమాడొచ్చు, ఆడలేదు. దిగి ఇంజను మూత ఎత్తింది. వెనక ఆగిన బండ్లన్నీ చూస్తున్నాయి. ఒక తీగ లాగి చూసింది, దాని చివర కాలి నల్లబడి ఉంది. జేబులోంచి చాకు తీసి ఆ చివర కోసి, కొత్తగా ఒలిచి, మళ్ళీ బిగించింది. "నాలుగు నిమిషాలత్తా" అంది. నా గడియారం ప్రకారం మూడున్నర. గురక మొదలైంది. మిగిలిన రెయిన్‌డీర్లు దానికే పారిపోయాయి.

షరతు ప్రకారం బండి ఆగింది. పిల్ల నాతో రావాలి. కానీ నాకు భయం బండి ఆగుతుందని కాదుగదా, ఆగితే పిల్ల ఏమవుతుందోనని. ఏమీ కాదు. నేను చూశాను. మాయ్‌కెన్ ఊళ్ళోనే ఉంటుంది. ఇది నా మాట.

ఇంకో మాట. అంత అభిమానాన్ని వృథా చేయకూడదు. వసంతానికి ఇక్కడి ఇల్లు అమ్మి గ్రాన్‌హోల్మ్ వచ్చేస్తాను. ఊరి దారులు చూసుకునే మీ రోడ్డు సంఘం అధ్యక్ష పదవికి నిలబడతాను. ఆ జనాన్ని చూశాక గెలుపు గురించి నాకు సందేహమేమీ లేదు.

ఆశీస్సులతో,
గున్‌బోర్గ్ అత్తయ్య

తా.క. గొడుగు విరిగింది. రెయిన్‌డీరుదే తప్పు.

*

గ్రాన్‌హోల్మ్,
సెప్టెంబరు 1

పూజ్యురాలైన, కాబోయే అధ్యక్షురాలైన అత్తయ్యకు,

మీరు వస్తున్నారని చెబితే నాన్న "మంచిది" అన్నారు. కాసేపాగి, అడగకుండానే, "చాలా" అని కూడా అన్నారు. అమ్మ జ్వరమేమోనని ఆయన నుదురు పట్టుకొని చూసింది.

మాయ్‌కెన్ మొదటిరోజు ఆరూ నలభైకి బయల్దేరింది. ఎనిమిదింటికి పది నిమిషాల ముందే బడి ముందు ఆపింది. అక్కడ అలాంటి బండ్లు పదకొండు. పెద్ద తరగతి కుర్రాళ్ళు చుట్టూ చేరి ఇంజను చూశారట. ఒకడు "ఎవరు తయారుచేశారు?" అన్నాడట. "నేను" అందట. వాడు ఇంకేమీ అనలేదట. సాయంత్రం ఇంటికొచ్చాక ఆ "ఏమీ అనలేదు"ను మాయ్‌కెన్ మాకు నాలుగుసార్లు చెప్పింది. సరస్సు అవతలినుంచి హెల్గె నడుచుకుంటూ వచ్చి, బండిని ఒకసారి తట్టి, "బాగుంది" అన్నాడు. ఊరు ఇంకా తేరుకోలేదు.

ఈ వేసవి అంతా నేను అడిగిన క్షమాపణల్లో ఒక్కటీ నిజం కాదత్తయ్యా. కారు కొన్నది నేను కాదు, కోసింది నేను కాదు, కోడిని తరిమింది కూడా నేను కాదు. నా చేతిలో ఎవరూ స్పానర్ ఉండనివ్వలేదు. అయితే మీరు ఇల్లు అమ్మకముందు ఒక సంగతి చెప్పకపోతే, నేను చదివిన తత్త్వశాస్త్రానికి బొత్తిగా అర్థం ఉండదు. అది తా.క.లో రాస్తున్నాను. ధైర్యం అంతవరకే ఉంది.

మీ,
స్వాంటె

తా.క. స్టేషను దగ్గర పెట్టెలు కట్టాక, మీరు సీట్లో సర్దుకుంటుండగా, తొట్టి వెనక ఎర్ర త్రికోణం కింద నేనొక అట్టముక్క వేలాడదీశాను. గుమ్మం దగ్గర మీరు దిగకముందే పీకేశాను. హారన్ల మోతకు మీరు బెదురుతారేమోనని, అంతే. దాని మీద పెద్ద అక్షరాలతో ఇలా రాశాను: "ముందు సీట్లో మా అత్తయ్య. ఇరవై ఆరేళ్ళ తర్వాత ఇంటికి వస్తోంది. ఆలస్యానికి క్షమించండి." నేను చేసింది అదొక్కటే. చెయ్యి ఊపమని మాత్రం అందులో ఎక్కడా రాయలేదు.