గాయానికి సరిపడే మాట

నవంబరు 4

అభియోగం ఇది: నాజియా వేదిక మీద మాట్లాడుతుండగా, నేను, ఆమె జట్టు సభ్యురాలినై ఉండీ, అసూయతో లేచి ఆమె మాటను ప్రత్యర్థుల ఎదుట ఖండించాను. శనివారం డిబేట్ సొసైటీ ముందు జవాబు చెప్పుకోవాలి. తప్పు నాదని తేలితే ఫైనల్‌లో నా స్థానం పోతుంది.

చెబుతాను. గట్టిగానే చెబుతాను.

జరిగింది ఇంతే. గుంతల్లో పడ్డవారికి రోడ్డు వేసినవాళ్లే బాధ్యులన్నది మా పక్షం. నాజియా రెండు నెలల కిందటి తన ప్రమాదాన్నే చెప్పింది — యాప్రాల్ రోడ్డు, వాన, స్కూటీ. చివర ఒకే ఒక్క ఇంగ్లిషు మాట: మెయిమ్‌డ్, అవిటిదాన్నయ్యానని. హాలంతా ఆమె వైపే చూసింది. మధ్యలో లేచి అడ్డు తగలడం ప్రత్యర్థులకున్న హక్కు. దాన్ని నేను సొంత జట్టు మీద వాడాను. ఆ మాట ఎక్కువ, ల్యాసరేటెడ్, చీరుకుపోయింది, అంటే చాలు, అన్నాను. ముందు నవ్వులు. తర్వాత ఓటమి.

బయటికి వచ్చాక సొసైటీ ప్రెసిడెంట్ విక్రమ్ అన్న: "మన టీమ్ మీదనే పాయింట్ లేపుతవా? దిమాగ్ ఉందా శ్రావణీ?"

నవంబరు 5

వాదన సిద్ధం. దెబ్బకు ఇంగ్లిషులో మెట్లున్నాయి. స్క్రాచ్ — చర్మం గీరుకుపోతే. బ్రూయిజ్ — తెగకుండా లోపల రక్తం కమిలితే. ల్యాసరేషన్ — చీరుకుపోతే. వూండ్ అంతకన్నా లోతు. మెయిమ్ చిట్టచివరి మెట్టు: అవయవం ఇక ఎప్పటికీ మునుపటిలా పనిచేయకపోతేనే. నాజియా మోచేతికి కుట్లు పడ్డాయి, మానాయి. ఆ మెట్టు ఎక్కే అర్హత ఆమెకు లేదు.

నాకు తెలియదా? వెనక సీటులో ఉన్నది నేనే.

అదే స్కూటీ, అదే గుంత. నా తుంటి మీద అరచేయంత బ్రూయిజ్... మొదట నీలం, తర్వాత ఆకుపచ్చ, పసుపు. ఎవరికీ చూపించుకోలేని చోట. ఆమెకేమో కట్టు, పండ్లు, సగం కాలేజీ పరామర్శ. వేదిక మీద కూడా "మేము" అనలేదు. "నేను" అంది.

నవంబరు 6

ఈ పేజీకి మాత్రం ఒప్పుకుంటాను. అసూయే.

ఆమె గొంతు మీద కాదు. నిలబడే తీరు మీద. ఎడమ చేయి మడిచి గుండెకు ఆనించుకుంటుంది, కనిపించని పుస్తకాన్ని పొదివి పట్టుకున్నట్టు. కుడి చేయి మాత్రమే కదులుతుంది. ఈ మధ్యే మొదలుపెట్టింది. ఎంత నిబ్బరం! అద్దం ముందు నేనూ ప్రయత్నిస్తున్నాను.

అమ్మ గుమ్మంలోంచి చూసి: "చెయ్యికి ఏమైంది బిడ్డా, నొస్తుందా?"

నొప్పి కాదు, శైలి అన్నాను. అయినా మందు రాసి వెళ్లింది.

నవంబరు 7

నాజియా రమ్మంది. కార్ఖానా ఏరియాలో, మా కాలేజీవాళ్లు రాని చాయ్ హోటల్. క్షమాపణ చెబుతుందా, చెప్పమంటుందా... రెండింటికీ జవాబులు కట్టుకొని వెళ్లాను.

రేపు నా తరఫున మాట్లాడతానంది. ఒళ్లు మండింది. ఉదారత కూడా ఆమె సొత్తేనా? మెట్ల వాదనంతా వినిపించాను, మెయిమ్‌కు నిర్వచనంతో సహా. వింటూనే ఎడమ చేత్తో గ్లాసు అందుకోబోయింది. చేయి సగంలో ఆగింది. కుర్చీ ముందుకు జరుపుకుంది. అప్పుడు అందింది.

పూర్తిగా చాపమన్నాను.

"గింతే వస్తది. లోపల ఎముక వంకరగ అతికిందంట. ఇగ సాగదన్నడు డాక్టర్."

ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే మళ్ల పండ్లు పట్టుకొని షురూ చేస్తరు. ఇంట్ల అమ్మీ ఏడ్సుడే సాలు. నువ్వు సుత ఎవ్వరికి చెప్పకు." గ్లాసు కింద పెట్టి నవ్వింది. "స్టైల్ అనుకుంటున్నరు కదే. అనుకోనియ్."

నవ్వలేకపోయాను.

లేచేటప్పుడు అడిగింది — నీ దెబ్బ తగ్గిందా, ఆ రోజు కుంటుకుంటూ పోయినవ్ కదా అని. ఇన్నాళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. అడగడంలోనూ ఆమే ముందు.

నవంబరు 7, సాయంత్రం

చెయ్యి నొప్పి తగ్గిందా అని అమ్మ. తగ్గిందన్నాను.

నవంబరు 8

ఆమె మాట సరైనదే. సరిగ్గా ఆ మెట్టే.

నా వాదన ఉన్నదున్నట్టు చదివితే గెలుస్తాను. కుట్లు మానాయని అందరికీ తెలుసు, నిఘంటువు నా పక్షాన ఉంది. అబద్ధమని తెలిసింది నాకూ ఆమెకూ మాత్రమే. ఆమె నోరు విప్పదు. నిజం చెబితే ఆమె దాచుకున్నది నా నోటి నుంచి బయటపడుతుంది; అందరి ముందు ఆమెను నేను నొప్పించడం అది రెండోసారి.

అసూయ పోలేదు. సరైన మాట ఆమెదే, దాన్ని నిరూపించుకోకుండా ఉండగలిగే గుండె కూడా ఆమెదే.

పాత కాగితం చించేశాను. కొత్తది ఇంతే. కాలేజీకి వెళ్లే ఈ బస్సు రెజిమెంటల్ బజార్ దాటేలోగా తేల్చుకోవాలి, చదువుతానో లేదో —

"సభ్యులారా, నాజియా వాడిన మాట సరైనదే. నా అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ప్రతి మాటకూ కారణం అడగడం మనం ఇక్కడ నేర్చుకున్న విద్య. నా డిమాండ్ ఒక్కటే. ఈ ఒక్కసారి కారణం అడగకండి. అడగకుండానే నా మీద తీర్పు చెప్పండి."