సగం రొట్టె

వనపర్తి,
జనవరి 6

ప్రియమైన అల్ఫియాకు,

క్లాసులో చెప్పిన పాఠం పిల్లల వెంట ఇంటికి పోయాక ఏమవుతుంది? డిగ్రీ కాలేజీలో ఇరవై ఏళ్లుగా జువాలజీ చెబుతున్నాను, ఇది మాత్రం తెలియలేదు. మొన్న బస్టాండులో మీ అక్క మహీన్ కనిపించింది. నీకు ఏడో నెలట, మనిషివి సగమైపోయావట. ఫోన్ చేస్తే "మంచిగున్న మేడం" అని పెట్టేశావు. అందుకే ఈ ఉత్తరం.

కడుపు నిండా తింటే బిడ్డకు చోటు చాలదని కోడళ్లకు తిండి తగ్గించే ఇళ్లు చూశాను. అన్నం పోయేది కడుపులోకి, బిడ్డ పెరిగేది గర్భసంచిలో. రెండూ వేరు. మీ అత్తమ్మ సకీనాబీ గారికి ఈ ముక్క చదివి వినిపించు.

నీ మేలు కోరే,
సుమన

అచ్చంపేట,
జనవరి 14

ప్రియమైన మేడంకు, అల్ఫియా సలాం.

చదివి వినిపించిన. అత్తమ్మ నవ్వింది. "మీ మేడంను జర మనింటికి రమ్మను. నువ్వు ఇడ్సిపెట్టిన రొట్టెలతోని మా బర్రె ఎంత బలిసిందో చూసిపొమ్మను" అన్నది.

సగం తినేది నా ఇష్టంతోనే మేడం. మహీనక్కకు బిడ్డ పెద్దగున్నదని పెద్దాపరేషన్ చేసిండ్రు. ఆర్నెల్లు నడుం పట్టుకొనే తిరిగింది. నాకు గట్ల కావద్దు. సగం తింటే బిడ్డ మరీ పెద్దగ కాదు, కావాల్సింది మాత్రం దొరుకుతది. మీరే చెప్పిండ్రు కదా, కడుపుల మాయ, అదే ప్లాసెంటా, బిడ్డ వాటా ముందు తీస్కుంటది, మిగిలిందే తల్లికని. నోట్సుల దానికింద ఎర్రపెన్నుతోని గీత గూడ కొట్టుకున్న. చిక్కితే నేనే చిక్కుత. పరేషాన్ కాకుండ్రి.

మీ స్టూడెంట్,
అల్ఫియా

వనపర్తి,
జనవరి 18

అల్ఫియా,

సకీనాబీ గారికి నా క్షమాపణ చెప్పు.

ఆ వాక్యం నాదే. అయితే అది సగమే. మాయ దేన్నీ సొంతంగా తయారుచేయదు. నీ రక్తంలో ఉన్నదే దాని పల్చటి పొర దాటి, బొడ్డుతాడులోంచి బిడ్డకు చేరుతుంది. నీ దగ్గరే లేనిది అది ఎక్కడినుంచి తెస్తుంది? రోజుల తరబడి నువ్వు తగ్గిస్తే ఇద్దరికీ తగ్గుతుంది. రేపే దవాఖానకు పోయి బిడ్డ ఎదుగుదల చూపించుకో. రొట్టె మొత్తం తిను.

సుమన

అచ్చంపేట,
మార్చి 12

ప్రియమైన మేడంకు,

పాప పుట్టింది. కిలో తొమ్మిదొందలు. పెద్దాపరేషనే అయింది మేడం, లోపల పెరుగుతలేదని నెల ముందే తీసిండ్రు. ఎనిమిది రోజులు వేడిపెట్టెల ఉంచిండ్రు, నిన్ననే నా ఒళ్లోకొచ్చింది. తిండి వల్లనేనా అని డాక్టరమ్మను అడిగిన. "అదొక్కటే అని చెప్పలేం" అన్నది.

మీ రెండో ఉత్తరం రాకుంటే ఆఖరిదాంక సగమే తింటుంటి. అత్తమ్మ ఇప్పుడు నేను తినేదాంక ఎదురుంగనే కూసుంటుంది. బర్రె అలిగిందంటది.

అల్ఫియా

వనపర్తి,
మార్చి 17

ప్రియమైన అల్ఫియాకు,

పాప నెలనెలా ఎంత పెరిగిందో రాస్తూ ఉండు.

క్లాసులో పెళ్లయినవాళ్లుంటారు, మొదటి నెలల్లో వాంతులై ముద్ద దిగక నా దగ్గరికొచ్చి ఏడుస్తారు. మాయ బిడ్డ వాటా ముందు తీసుకుంటుందన్న ఆ వాక్యమే వాళ్లకు ధైర్యం. నీ చేత రొట్టె పక్కన పెట్టించిందీ అదే. పాప బరువులో నా మాట వంతు ఎంతో డాక్టరమ్మ చెప్పలేదు, నేనూ చెప్పలేను. సోమవారం మళ్లీ ఆ పాఠమే. నోట్సులో ఆ వాక్యం చుట్టూ పెన్సిలుతో గీత గీశాను, ఇంకా కొట్టేయలేదు. చెప్పాలో మానాలో నాకు తెలియడం లేదు.

సుమన